తెల్లవారుజామున స్మరణ నడక: ఎలా సిద్ధం కావాలి, దారిలో ఏమి చూడాలి

పోయినవారిని తలచుకుంటూ నలుగురు కలిసి వేకువనే నడవడానికి శాస్త్రవిధి అంటూ ఏదీ లేదు. తద్దినానికి పురోహితుడు, వంట, పద్ధతి ఉంటాయి. సమాధి దగ్గర చదివే ఫాతిహాకు, చర్చిలో చేసే ప్రార్థనకు వాటి క్రమం వాటికి ఉంది. నడకకు అటువంటి ఆసరా లేదు కనుక అది తరచుగా రెండు విధాలుగా చెడిపోతుంది. కొన్నిసార్లు అది రోజువారీ వాకింగ్‌గా మారి మోకాళ్ల నొప్పుల మీదికీ ప్లాట్ల ధరల మీదికీ మాట మళ్లుతుంది; మరికొన్నిసార్లు అందరూ ముఖాలు బిగించుకుని నడుస్తూ ఇది ఎప్పుడు ముగుస్తుందా అని లోలోపల ఎదురుచూస్తారు. చుట్టూ ఉన్న చెట్టును, పిట్టను, ఆకాశాన్ని శ్రద్ధగా చూడడమే ఈ రెండింటి నుంచీ నడకను కాపాడుతుందని నా అభిప్రాయం. అయితే వాటిని ఓదార్పు ఇమ్మని అడగకూడదు, ఉన్నవాటిని ఉన్నట్టు చూడాలి. ఆ చూపు కుదరాలంటే ముందుగా కొంత ఏర్పాటు చేసుకోవాలి.

మొదట తేల్చుకోవలసినది రోజు. పోయిన తిథినాడు నడవాలా, తారీకునాడు నడవాలా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది, పెద్దలు ఒకటి, పిల్లలు మరొకటి అంటారు. తేడా ఆచారంలోనే కాదు, ఆకాశంలో కూడా ఉంది. తారీకును పట్టుకుంటే సూర్యుడు ప్రతి ఏటా దాదాపు అదే నిమిషానికి, అదే దిక్కున ఉదయిస్తాడు. చెట్లు కూడా ఇంచుమించు అదే దశలో ఉంటాయి. తిథిని పట్టుకుంటే చంద్రుడు తిరిగి వస్తాడు. మనిషి బహుళ అష్టమినాడు పోయి ఉంటే, ఏ సంవత్సరం ఆ తిథికి లేచి చూసినా సూర్యోదయ వేళకు సగం చంద్రుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. పౌర్ణమికైతే, తూర్పు ఎరుపెక్కుతున్నప్పుడు పడమట నిండు చంద్రుడు దిగిపోతుంటాడు. బహుళ త్రయోదశి, చతుర్దశులకు తెల్లవారకముందు తూర్పున సన్నని నెలవంక కనిపిస్తుంది, ఆకాశం నిర్మలంగా ఉంటే దాని చీకటి భాగం కూడా మసకగా తెలుస్తుంది. శుద్ధ పక్షంలో పున్నమికి ముందరి ఒకటి రెండు రోజులను మినహాయిస్తే వేకువన చంద్రుడు ఉండడు, కాబట్టి ఆ తిథుల వారు నక్షత్రాలు ఉండగానే బయలుదేరడం మంచిది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ కాబట్టి తారీకుల్లో చూస్తే తిథి ఏటేటా ముందే వస్తుంది, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ ఆలస్యమవుతుంది. అందువల్ల ఒక ఏడు మొగ్గలతో కనిపించిన రేల మరుసటి ఏడు అదే తిథికి విరగబూసి ఉండవచ్చు. నన్ను అడిగితే మొదటి కొన్నేళ్లు తిథినే ఎంచుకోమంటాను.

ఫలానా రోజు అని లేనివారికి, లేదా ఒక్కరిని కాక ఇంటి పెద్దలందరినీ కలిపి తలచుకోదలచినవారికి, పెత్రమాస ఉదయం తగిన సమయం. భాద్రపద బహుళ అమావాస్యనాడు పెద్దలకు బియ్యం ఇచ్చుకునే ఇళ్లలోనే ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. తంగేడు, గునుగు విచ్చే కాలం అది. హైదరాబాద్ నగర శివార్లలో రోడ్డు పక్కన, ఇంకా ఇళ్లు కట్టని జాగాల్లో ఆ పూలు చీకటి వీడుతుండగా ఒక్కొక్కటిగా రంగు తేలడం చూడవచ్చు. పూలు కోయడానికి వచ్చేవారు కూడా అప్పుడే ఎదురవుతారు, దారి ఇచ్చి ముందుకు సాగాలి.

వేళ విషయంలో హైదరాబాద్‌కు ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. జూన్ మొదట్లో సూర్యోదయం 5.40 గంటల ప్రాంతంలో, సెప్టెంబర్ చివర 6.05 గంటల ప్రాంతంలో, జనవరి మధ్యలో 6.48 గంటల ప్రాంతంలో అవుతుంది. దానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందే దారి కనిపించేంత వెలుగు వస్తుంది. సూర్యోదయానికి ముప్పావు గంట ముందు చేరుకుని, కాసేపు నిలబడి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాక నడక మొదలుపెడితే వెలుగు వచ్చే క్రమమంతా నడకలోనే గడుస్తుంది. చలికాలంలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి, దాని పైన వెచ్చని పొర మూతలా నిలవడం వల్ల పొగ, దుమ్ము కిందనే ఉండిపోతాయి. ఉబ్బసం ఉన్నవారిని, గుండె జబ్బు ఉన్నవారిని ఎండపొడ వచ్చాక నడక ముగిసే చోటికి నేరుగా రమ్మనడం మంచిది.

చోటు ఎంపికలో పోయిన మనిషికీ ఆ చోటుకూ ఉన్న సంబంధమే మొదటి కొలత. ఆయన రోజూ నడిచిన కాలనీ పార్కు ఉంటే దానికి మించినది లేదు. అటువంటిది లేనప్పుడు నగరం కొన్ని చోట్లను ఇస్తుంది. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో నెమళ్ల కేకలు వెలుగుకన్నా ముందే వినిపిస్తాయి, అయితే లోపలి దారి తెరిచే వేళను ముందురోజే కనుక్కోవాలి, నడకకు వచ్చేవారి రద్దీకి సిద్ధపడాలి. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. లంగర్‌హౌజ్ దగ్గర ఈసీ, మూసీ కలిసే చోట 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపారు, అక్కడి బాపూఘాట్ స్మరణకే ఏర్పడిన స్థలం. ఇక ఎక్కడికీ వెళ్లలేనివారు ఇంటికి దగ్గరలో ఇంకా పగలగొట్టని గుండురాయి ఒకటి ఉంటే దాని దగ్గరికి నడవవచ్చు. ఈ నగరపు గ్రానైట్ బండల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వానాకాలం ఉదయాన వాటి మీద ఆకుపచ్చ, బూడిద, నారింజ రంగుల్లో పాకిన మచ్చలను దగ్గరగా చూస్తే, బోడిరాయి అని మనం అనుకునేదాని మీద కూడా ఎంత జీవం ఉందో తెలుస్తుంది.

అయితే స్మరణ కోసమే నడవాలనుకునేవారికి ఈ నగరంలో అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును మించిన గమ్యం నాకు తోచదు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఆ రోజున ఈ చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఏటా ఆ తేదీన నగరవాసులు కొందరు చెట్టు కిందకు చేరి మృతులను స్మరిస్తారు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు వరదను ఆపడానికి ఎగువన కట్టిన జలాశయాలే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారు ఈ చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు తమ దుఃఖం పక్కన నగరపు దుఃఖం ఒకటి ఉందని గ్రహిస్తారు, అది వారిని చిన్నబుచ్చదు, తోడు నిలుస్తుంది.

ఈ నడకను 1578లో కట్టిన పురానాపూల్ వంతెన దగ్గర మొదలుపెట్టి, నది వెంబడి తూర్పుగా సాగి, ఆసుపత్రి దగ్గర ముగించవచ్చు. తూర్పు ముఖంగా నడవడం వల్ల వెలుగు ఎదురుగా వస్తుంది. నది గురించి అబద్ధం చెప్పుకోనవసరం లేదు: నీరు నల్లగా ఉంటుంది, వాసన వస్తుంది, ఒడ్డున చెత్త ఉంటుంది. ఆ నీటి అంచునే తెల్లకొంగలు నిలబడి ఉంటాయి, పాత గోడల పగుళ్లలోంచి రావి మొలకలు లేత ఎరుపు ఆకులతో పైకి వస్తుంటాయి. అందమైనదాన్ని మాత్రమే చూసి మిగిలినదానికి కళ్లు మూసుకునేవారికి ఈ దారి నప్పదు. చింతచెట్టు దగ్గరికి సూర్యోదయానికి కాస్త ముందే చేరుకోవాలి, ఎందుకంటే చింతాకులు రాత్రిపూట ముడుచుకుని ఉంటాయి, వెలుగుతో నెమ్మదిగా విచ్చుకుంటాయి. ఒకే రెమ్మను ఎంచుకుని పది నిమిషాలు చూస్తూ నిలబడితే ఆ మార్పు తెలుస్తుంది. అది పనిచేస్తున్న ఆసుపత్రి అన్న సంగతి మాత్రం మరువకూడదు: కాపలావారిని అడిగి లోపలికి వెళ్లాలి, ఆవరణలో పడుకున్న రోగుల బంధువులను లేపకూడదు, నలుగురైదుగురికి మించి ఒకేసారి వెళ్లకూడదు, అక్కడ ప్రసంగాలు చేయకూడదు.

నడిచే పద్ధతికి వస్తే, ఆరుగురికి లోపు ఉండడం, రెండు కిలోమీటర్లకు మించకపోవడం, మధ్యలో పెద్దవాళ్లు కూర్చోగలిగిన చోటు ఒకటైనా ఉండడం చాలు. ముందు నడిచేది అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు కావాలి. అవ్వ ముందుంటే మనవళ్లు తమంతట తామే అడుగు తగ్గిస్తారు. సూర్యోదయం దాకా మౌనంగా ఉందామని బయలుదేరేటప్పుడే చెప్పుకోవాలి, ఆ తరువాత మాట్లాడవచ్చునని కూడా చెప్పుకోవాలి, లేకపోతే పిల్లలు మౌనాన్ని శిక్షగా భావిస్తారు. ఫోన్లు ఒకరి సంచిలో వేయడం మేలు. ఫోటో తీయాలన్న ఆలోచన పుట్టగానే కన్ను చూడడం మానేసి ఏరుకోవడం మొదలుపెడుతుంది.

మౌనంలో చెవికి పని ఎక్కువ. వేకువన ముందుగా గొంతెత్తేవాటిలో చీలిన తోక గల పసులపోలిగాడు ఒకటి. మార్చి నుంచి వానాకాలం దాకా కోకిల దానితో పోటీపడుతుంది, తరువాత గోరింకలు, పికిలిపిట్టలు, అన్నింటికన్నా ఆలస్యంగా చిలుకలు గుంపులుగా వస్తాయి. చెరువు దగ్గర తీతువు అరిస్తే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు, ఆ కూత కీడు సూచిస్తుందని మన నమ్మకం. ఆ పిట్ట నేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, మనిషి అడుగు దగ్గరపడితే వాటిని కాపాడుకోవడానికి అరుస్తుంది. ఆ సంగతి తెలిసినవారు అపశకునం మాట ఎత్తకుండా నాలుగు అడుగులు పక్కకు తప్పుకుంటారు.

కంటికి ఏమి దొరుకుతుందన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో శివార్లలో మోదుగ ఎర్రబడుతుంది. ఉగాది నాటికి కానుగలు లేత ఆకుతో మెరుస్తాయి, వేపపూత రాలుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రేల, తురాయి ఉంటాయి. తొలకరి పడిన మరునాడు ఇసుక నేలల్లో ఆరుద్ర పురుగులు కనిపిస్తే ఆ ఉదయానికి ఇంకేమీ వెతకనక్కరలేదు. అన్నింటిలోనూ స్మరణ నడకకు దగ్గరివి రెండు పూలు. పారిజాతం సాయంత్రం విచ్చి తెల్లవారేసరికి రాలిపోతుంది, నేల రాలిన పువ్వును కూడా పూజకు స్వీకరించే ఆచారం దానికి ఉంది. ఆకాశమల్లి పొడవాటి తెల్లని పూలు శీతాకాలం మొదలయ్యే ముందరి రోజుల్లో రాత్రంతా రాలి పొద్దున్నే ఊడ్చేవారు వచ్చేదాకా దారంతా పరచుకుని ఉంటాయి. అందరూ అన్నీ చూడాలని పట్టుబట్టకూడదు. ఒక్కొక్కరు ఒక్కటే ఎంచుకుని, అది ఎక్కడ ఉంది, ఏ రంగు, ఎన్ని రేకులు, నేలమీద పడినది ఏ వైపు తిరిగి ఉంది అన్నంత వివరంగా చూస్తే చాలు. దుఃఖంలో ఉన్న మనసు పెద్ద దృశ్యాన్ని భరించలేకపోవచ్చు, ఒక పువ్వును భరించగలదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. చెరువులో దీపాలు, ప్లాస్టిక్ దొప్పలు, దండలు వదలకూడదు. పావురాలకూ కోతులకూ గింజలు, పళ్లు చల్లకూడదు. కాకికి పెట్టదలచుకుంటే ఇంటి డాబా మీదనే పెట్టుకోవాలి. వీధికుక్కలు గుంపుగా ఎదురైతే పరుగెత్తకూడదు, నిలబడి, ఒకరి పక్కన ఒకరు చేరి, నెమ్మదిగా దాటాలి. చేతికర్ర ఒకటి ఉండడం మంచిదే. వానాకాలంలో గడ్డిలోకి దిగేవారు టార్చి వెలుగు నేలమీదే ఉంచి, మూసిన చెప్పులు వేసుకోవాలి.

సూర్యుడు పైకి వచ్చాక మజిలీ దగ్గర కూర్చుని ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పవచ్చు. మా నాయన మంచివాడు, గొప్పవాడు అనే మాటలు అక్కడ నిలవవు. "నాయన ఎండాకాలంల కానుగ కిందనే మంచం ఏసుకునేటోడు" అని ఒకరు అంటే, పక్కనే కానుగ ఉంటే, మిగిలినవారు తలెత్తి చూస్తారు, తలా ఒకటి గుర్తుచేస్తారు. ఏడుపు వచ్చినవారిని ఊరుకోమనకూడదు, వారి పక్కన కూర్చుంటే చాలు. తరువాత దగ్గరలోని హోటల్లో చాయ్ తాగడంలో తప్పులేదు. ఉపవాసం ఉన్నవారిని మాత్రం అక్కడిదాకా నడిపించకుండా ముందే ఇంటికి పంపించాలి.

ఆ రోజే ఇంట్లో ఒక నోటుపుస్తకంలో తిథి, తారీకు, బయలుదేరిన వేళ, చంద్రుడు ఉన్న చోటు, మొదట కూసిన పిట్ట, ఎవరు ఏ చెట్టును చూశారన్నది రాసి పెట్టుకోవాలి. చేతిరాత బాగున్న పిల్లలకు ఈ పని అప్పగిస్తే వారు మరుసటి ఏడు తేదీ ఎప్పుడని తామే అడుగుతారు, పంచాంగం చూసి చెప్పే బాధ్యతను కూడా అప్పుడే వారికి ఇవ్వవచ్చు.