గూడు కట్టే పట్టుపురుగుకు వెలుతురు ఎంత ఉండాలి?

నాలుగో జ్వరం (పురుగు మేత మానేసి కుబుసం విడిచే దశ) దాటాక మల్బరీ ఆకు లోటు లేకుండా మేపినా జంట గూళ్లు, పల్చటి గూళ్లు ఎక్కువ వస్తున్నాయా? అయితే పురుగుల్ని చంద్రిక (గూడు కట్టుకునే వెదురు తట్ట) ఎక్కించిన తర్వాతి మూడు రోజులు షెడ్డు ఎలా ఉందో చూసుకోవాలి. జనగామ మార్కెట్లో ధర తగ్గించేవి ఈ గూళ్లే.

పండిన పురుగు, అంటే గూడు కట్టడానికి సిద్ధమైంది, గట్టి వెలుతురుకు నిలవదు. కిటికీ ఒకవైపే తెరిచి ఉంటే, మీరు సమానంగా పరిచిన పురుగులు కొన్ని గంటల్లో చీకటి పక్కకు చేరతాయి. అక్కడ ఇరుకై రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి. అందులో రెండు పోగులు చిక్కుపడి ఉంటాయి కాబట్టి గూటి నుంచి దారం తీసే మామూలు రీలింగ్‌కు పనికిరాదు. చోటు దొరకక తిరిగే పురుగు పట్టును దారంతా వదిలేస్తుంది. ఇక దాని గూడు పల్చనే. అలాగని కటిక చీకటి చేసినా లాభం లేదు: గూడు కట్టడం ఆలస్యమవుతుంది, జంట గూళ్లూ తగ్గవు. పైగా ఎలుకలకు అదను.

అన్నివైపులా ఒకేలా మసక వెలుతురు, సుమారు 20 లక్స్ (వెలుతురు కొలత) చాలు. మీటరు లేకపోతే దినపత్రిక పట్టుకుని చంద్రికల మధ్య నిలబడండి. హెడ్డింగు తేలిగ్గా కనబడాలి, చిన్నక్షరాలకు కళ్లు చికిలించాల్సి రావాలి. షెడ్డు నాలుగు మూలలా ఇలాగే చూడాలి, ముఖ్యంగా సాయంత్రం ఎండ పడే పడమటి వైపు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎండ పడుతోందని కిటికీలకు గోనె పట్టాలు కొట్టేస్తారు. దాంతో వెలుతురుతో పాటు గాలీ ఆగిపోతుంది. గూడు మొదలుపెట్టే ముందు ప్రతి పురుగూ మూత్రం వదులుతుంది. చంద్రిక కింద పరిచిన పేపరు తడిసి ముద్దవుతుంది. ఆ తేమ లోపలే నిలిస్తే గూటి పోగు అతుక్కుపోయి, రీలింగ్‌లో మాటిమాటికీ తెగుతుంది. పట్టాలకు బదులు పచ్చ షేడ్‌నెట్‌ను కిటికీకి బయట, గోడకు అడుగున్నర దూరంలో, కిటికీ కంటే వెడల్పుగా కట్టండి. పై వెంటిలేటర్లు మూయొద్దు. లోపల అగరుబత్తి వెలిగిస్తే పొగ నెమ్మదిగా ఒకవైపు సాగాలి. నిలబడిపోతే గాలి చాలదు, చెదిరిపోతే ఎక్కువైంది.

రాత్రి నడిమధ్యన ఒక్క బల్బు వేలాడదీయడం మంచిది కాదు, దాని కింద గళ్లు ఖాళీ అవుతాయి. చిన్న ఎల్‌ఈడీలు రెండు గోడవైపు తిప్పి పెట్టుకోండి, లేదా ఆర్పేసి, చూసుకోవడానికి టార్చి వాడండి.

6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు చంద్రికకు 900 నుంచి 1000 పురుగులే. మేత మానేసి, ఒళ్లు కుదించుకుని, వెలుతురుకు అడ్డుపెడితే లోపల అద్దంలా మెరిసేవాటినే ఏరండి. పచ్చి పురుగు ఎక్కిస్తే తిరుగుతూ మిగతావాటిని చెడగొడుతుంది. వేడి 24–25 డిగ్రీలు, తేమ 60–70 శాతం ఉండాలి. ఏప్రిల్‌లో మన దగ్గర ఇది కష్టమే, కానీ లోపల నీళ్లు చల్లొద్దు. కప్పు మీద వరిగడ్డి పరిచి దాన్ని తడపండి. ఒక రోజయ్యాక తడిసిన పేపర్లు తీసేసి, చచ్చిన పురుగుల్ని ఏరేయండి.

ఎక్కించేటప్పుడే చంద్రిక అంచున కిటికీ వైపు సుద్దతో గుర్తు పెట్టండి. గూళ్లు దించేటప్పుడు జంట గూళ్లు గుర్తుకు ఎదుటి అంచున గుంపుగా ఉంటే తప్పు వెలుతురుది. చంద్రికంతా ఉంటే పురుగులు ఎక్కువ వేశారు. మరకలు కింది వరుసల్లోనే ఉంటే పైనుంచి మూత్రం కారింది.

బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాల రకం) గూళ్లు ఎక్కించిన ఆరో రోజు ఒకటి రెండు కోసి చూడండి. లోపలి ప్యూపా (గూట్లో పురుగు మారిన రూపం) గోధుమరంగుకు తిరిగి గట్టిపడితేనే దించాలి. లేతగా ఉండగా దించితే అది లోపలే చితికి, బాగున్న గూడు కూడా మరక గూళ్లలో కలిసిపోతుంది.