వంశధార ఒడ్డున సెలవులు: గాలం వేయదలచినవారికి సూచనలు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఏదైనా పల్లెలో బంధువుల పెంకుటింట్లో నాలుగు రోజులు గడిపి, తీరిగ్గా గాలం వేసుకుని రావాలనుకునేవారు చేపల కంటే ముందు ఏటిని తెలుసుకోవాలి. ఒడిశా కొండల్లో పుట్టి సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం వద్ద సముద్రంలో కలిసే ఈ నదికి నీరు చాలావరకు ఎగువ నుంచే వస్తుంది. అందుచేత ఇక్కడ ఎండ కాస్తున్నప్పటికీ ఎగువన ఒడిశాలోని గుణుపురం వైపు కురిసిన వానకు రాత్రికి రాత్రే ఏరు పొంగవచ్చు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన నీటిమట్టం త్వరగా పెరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను సమయంలో ఈ నది ఎంత పొంగిందో పరివాహక గ్రామాలవారిని అడిగితే చెబుతారు. వర్షాకాలంలో గాలం ఆలోచన మానుకుని, తుఫాను హెచ్చరికలేవీ లేకుండా చూసుకుని, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం ఉత్తమం.

ఒడ్డుకు చేరగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంచండి. కాసేపటికి పుల్ల మొదలు మునిగినా, నీరు ఎర్రబారి చెత్త కొట్టుకొస్తున్నా వెంటనే సామాను సర్దుకుని గట్టెక్కాలి. ఇసుక తవ్విన చోట్ల మోకాలిలోతు నీటి పక్కనే నిలువులోతు గుంతలుంటాయి, పైనుంచి చూస్తే అవి కనిపించవు. కాబట్టి ఊరివాళ్లు స్నానానికి దిగే రేవు తప్ప వేరే చోట నీటిలో అడుగు పెట్టకూడదు, పిల్లలను అసలే దించకూడదు.

చెరువులను, జలాశయాలను సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలు గానీ పాటదారులు గానీ తీసుకుని చేపపిల్లలు వేసి పెంచుకుంటారు. అందువల్ల చెరువులో గాలం వేయాలంటే వారి అనుమతి తప్పనిసరి. ఏటి ఒడ్డున కూడా వలలు వేసేవారిని ముందుగా పలకరించి, వారి వలలకు దూరంగా కూర్చోవడం మర్యాద. ఎక్కడ మడుగుంది, ఏ వేళకు చేప మేతకు వస్తుంది అన్న సంగతులు వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు.

పనిముట్లకు పెద్దగా ఖర్చు పెట్టనక్కరలేదు. నిటారైన సన్నని వెదురుకర్ర, నైలాన్ దారం, రెండు మూడు సైజుల కొక్కేలు, ఒక బెండు, చిన్న సీసపు గుండు చాలు. ముడి విషయంలో మాత్రం శ్రద్ధ అవసరం. దారాన్ని కొక్కెం రంధ్రంలోంచి దూర్చి, దాని కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొక్కెం దగ్గర ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి ఆ కొసను తీసి, ముడిని ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. తడపకుండా లాగితే రాపిడికి నైలాన్ బలహీనపడి, సరిగ్గా పెద్ద చేప పడినప్పుడే తెగుతుంది.

పరిగెలకు, జెల్లలకు వానపాము ముక్క మంచి ఎర. బొచ్చె, శీలావతి వంటి వాటికి తవుడు కలిపిన గోధుమపిండి ముద్ద వాడవచ్చు. బెండు కొద్దికొద్దిగా కదులుతున్నంతసేపూ చేప ఎరను రుచి చూస్తున్నదని అర్థం. అది పక్కకు సాగి మునిగినప్పుడే కర్రను మణికట్టుతో చిన్నగా ఎగరవేయాలి. కొరమీను నాచు పట్టిన నిలవనీటి అంచుల్లో ఉంటుంది. నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే వాటి కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నాయని తెలుసుకుని అక్కడ గాలం వేయకండి, ఎందుకంటే పెద్దవి పోతే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. జెల్ల రెక్కల ముళ్లు గుచ్చుకుంటాయి. ఇంగిలాయి చేప ముల్లయితే విషపూరితం, తీవ్రంగా సలుపుతుంది. వీటిని వట్టి చేత్తో పట్టుకోకుండా మందపాటి గుడ్డతో అదిమి కొక్కెం తీయాలి.

చేపలు ఉదయం, సాయంత్రం ఎక్కువగా పడతాయి కనుక మధ్యలోని సమయాన్ని తిరగడానికి వాడుకోవచ్చు. ఇదే నది దక్షిణపు గట్టున, గార మండలంలో శాలిహుండం కొండపై బౌద్ధ స్తూపాలు, చైత్యాల శిథిలాలున్నాయి; వాటిని 1919లో గుర్తించినది గిడుగు రామమూర్తి గారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా వంశధార తీరంలోనే, శ్రీముఖలింగం దగ్గర ఉంది. కొండపై నీడ తక్కువ, కాబట్టి చోడి (రాగి) అంబలి గానీ మజ్జిగ గానీ వెంట తీసుకుని, ఎండ ముదరకముందే ఎక్కి దిగాలి. శ్రీముఖలింగేశ్వరాలయాన్ని తొందరపడి చూడటం నాకు నచ్చదు, ఆ శిల్పాలకు ఒక పూట కేటాయించండి.

టెక్కలి మండలం తేలినీలాపురంలో ఇదే కాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. అక్కడ పెద్దగా మాట్లాడకుండా, చెట్ల కిందికి పోకుండా దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడాలి. పక్షుల కాళ్లకు చుట్టుకుంటే ప్రాణం తీసేది నైలాన్ దారమే కాబట్టి, ఏటి ఒడ్డున తెగిన ముక్కలను ఒక్కటీ వదలకుండా ఏరి, చుట్టచుట్టి సంచిలో వేసుకున్నాకే బయలుదేరండి.