వరిలో అగ్గితెగులు పాకే దారిని పట్టుకోవడం ఎలా?

అగ్గితెగులు రాత్రిళ్లు పాకుతుంది. మధ్యాహ్నం గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే కనిపిస్తుంది. అందుకే పొద్దున్నే, మంచు ఆరకముందే మడిలోకి దిగాలి. ముందుగా చెట్టు నీడ పడే మూలకు వెళ్లండి. అక్కడ ఆకు ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి తొలి మచ్చలు తరచూ అక్కడే దొరుకుతాయి.

దుబ్బు విడదీసి ఆకులు చూడండి. నూలుకండె ఆకారంలో, రెండు కొనలూ సన్నగా, అంచు గోధుమరంగులో, నడుమ బూడిదరంగులో ఉంటే అది అగ్గితెగులే. నువ్వుగింజంత మచ్చలైతే గోధుమమచ్చ తెగులు కావచ్చు, దాని మందులు వేరు.

ఆ బూడిదరంగు భాగంలోనే శిలీంధ్ర బీజాలు పుడతాయి. ఒక్క మచ్చ నుంచి రోజుకు వేలల్లో, దాదాపు రెండు వారాల పాటు వస్తూనే ఉంటాయి. అర్ధరాత్రి దాటాక గాలిలోకి లేచి, తడి ఆకు మీద వాలి అతుక్కుంటాయి. అక్కడ బీజం మొలకెత్తి, ఆ మొలక కొసన చిన్న బుడిపె కడుతుంది. దానిలో ఒత్తిడి కారు టైరులో గాలికంటే ముప్పై రెట్లకు పైనే! ఆ బలంతోనే ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది, ఆకుకు గాయం ఉండక్కర్లేదు. వారం తిరిగేసరికి కొత్త మచ్చ, మళ్లీ కొత్త బీజాలు.

ఇక మంచు లెక్క. రాత్రి 20 డిగ్రీల దగ్గర చలి, ఆకు మీద పది గంటలకు మించి తడి, దానికి మబ్బు తోడైతే రోజూ మడి చూసుకోవాలి. మన దగ్గర యాసంగి పైరుకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ గండం ఉంటుంది.

మచ్చ కనబడగానే యూరియా ఆపండి. పక్క చేను నల్లపచ్చగా ఉందని ఇంకో బస్తా చల్లితే తెగులుకు మనమే మేత వేసినట్టు. ఆకు మెత్తబడుతుంది, పైరు గుబురెక్కి తడి ఆరదు. మడిని నెర్రెలిచ్చేలా ఎండబెట్టకూడదు కూడా.

లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు 0.6 గ్రాములు, లేదా ఐసోప్రోథయోలేన్ 1.5 మి.లీ., లేదా కాసుగామైసిన్ 2.5 మి.లీ. కలిపి, మంచు ఆరాక ఆకులు తడిసేలా కొట్టండి. ఆకు మీద తెగులు కనబడిన చేలో వెన్ను బయటపడే ముందు మరోసారి చూసుకోవాలి. మెడవిరుపు, అంటే వెన్ను మెడకు ఇదే తెగులు, పట్టిందంటే గింజకు పాలెక్కవు, వెన్నంతా తాలే. అప్పుడు ఎంత కొట్టినా పోయిన గింజ తిరిగి రాదు.

తెగులు తగిలిన చేను నుంచి విత్తనం ఉంచుకోకండి. కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పట్టించి నారు పోయండి, గట్ల మీద గడ్డి చెక్కేయండి. సాంబ మసూరి (బీపీటీ 5204) ఈ తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. ఏటా తెగులు వచ్చే చేలో నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) గానీ, తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) గానీ వేసి చూడండి, అవి బాగా తట్టుకుంటాయి.