బరంపురం నుంచి దారింగిబాడి: ఎండల్లో కారేసుకుని వెళ్లేముందు

మే నెల వచ్చిందంటే బరంపురంలో ఉండలేక ఫ్రెండ్సంతా కలిసి ఒడిశా కందమాల్ కొండల్లో ఉన్న దారింగిబాడి పోదాం అనుకోవడం మనకి ప్రతి ఏడూ ఉండేదే, కానీ వాట్సాప్‌లో నెల రోజులు రూముల గురించీ ఫొటోల గురించీ మాట్లాడుకుంటాం గానీ ఎన్నింటికి బయల్దేరాలన్నది మాత్రం ముందురోజు రాత్రి దాకా ఎవరూ అడగరు. నన్నడిగితే మొదట తేల్చాల్సింది అదే. హింజిలికాటు, ఆస్కా, సురడ మీదుగా దాదాపు 120 కిలోమీటర్లు. పొద్దున్న నాలుగున్నరకి కారు కదిలితే ఎండ ముదరకముందే ఘాట్ ఎక్కేస్తారు, పైన దాదాపు 3000 అడుగుల ఎత్తు కాబట్టి కాస్త ఊపిరి ఆడుతుంది. అదే టిఫిన్లు చేసి తొమ్మిదింటికి బయల్దేరారనుకోండి, సరిగ్గా ఎండ మండే టైముకి ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఫుల్ ఏసీతో ఘాట్ ఎక్కాలి, ఇంజిన్‌కి అంతకన్నా కష్టం ఇంకోటి లేదు.

రెండేళ్ల కిందట మాకు అదే అయింది. సగం ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పాకేసింది. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే ఏసీ ఆపేసి హీటర్ ఫుల్ పెట్టాలి, లోపల కూర్చున్నవాళ్లకి నరకమే గానీ ఇంజిన్ వేడి కొంత అటు లాగేస్తుంది, ఈలోగా మలుపు లేని చోట చూసి పక్కకి ఆపాలి. మావాడొకడు దిగీదిగగానే రేడియేటర్ మూత తియ్యబోతే చెయ్యి పట్టుకుని లాగేశాను. వేడి మీద ఆ మూత అస్సలు ముట్టుకోకూడదండీ, మరిగే నీళ్లు మొహాన తన్నుతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాల్సిందే.

అందుకే మెకానిక్ దగ్గరకి వారం ముందే వెళ్లండి, ముందురోజు వెళ్తే ఏదైనా పార్టు మార్చాలన్నా దొరకదు. కూలెంట్, హోస్ పైపులు, బ్రేక్ ప్యాడ్లు చూపించండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, మరీ పాతబడితే గాట్లు బాగానే కనిపించినా నమ్మకండి. గాలి కూడా పొద్దున్నే, బండి నడపకముందు చూసుకోవాలి, వేడెక్కాక రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఎంత కొట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసుంటుంది. స్టెప్నీలో కూడా కొట్టించండి, అందరూ మర్చిపోయేది అదే. దిగేటప్పుడు మాత్రం న్యూట్రల్ వద్దు, సెకండ్ గేర్‌లో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల్ని ఊరికే నొక్కుతూ ఉంటే వేడెక్కి పట్టడం మానేస్తాయి.

తిండికి చింతపండు పులిహోర బెస్ట్, ఎండల్లో కూడా తొందరగా పాడవదు. పెరుగన్నం కావాలంటే పాలు పోసి కలిపి కొంచెమే పెరుగు వెయ్యండి, మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది. నీళ్లు 20 లీటర్ల టిన్ను ఒకటి. ఓఆర్ఎస్ పొడి పెట్టుకోండి గానీ లీటరు ప్యాకెట్‌ని అరలీటరు బాటిల్‌లో కలిపేస్తుంటారు చాలామంది, అది తప్పు, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే పొయ్యాలి. ఎండలో ఆపిన కారులో పవర్ బ్యాంకు, లైటరు, సెంటు స్ప్రే వదలొద్దు.

ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, లైసెన్స్ డిజీలాకర్‌లో ముందే దింపుకోండి, మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో. డబ్బుల లెక్క ఒక్కడికే అప్పజెప్పి అందరూ ముందే వాడికి పంపించేస్తే దారిలో గొడవ ఉండదు, కొంత క్యాష్ కూడా వాడి దగ్గరే ఉంచండి, సిగ్నల్ లేనిచోట ఫోన్ పే పనిచెయ్యదు కదా. పెట్రోలు సురడ దాటకముందే ఫుల్ చేయించండి.

సాయంత్రాల సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివానలు మధ్యాహ్నం దాటాకే ఎక్కువగా వస్తాయి, పొద్దున్న ఆకాశం చూసి మోసపోకండి. ఉరుము వినిపించిందంటే పైన్ చెట్ల కింద నిలబడకండి, కారులో కూర్చుని అద్దాలెత్తేసుకోండి, పిడుగుకి చెట్టు కన్నా కారు చాలా నయం. వ్యూ పాయింట్లన్నీ పొద్దున్నే చూసేసి మధ్యాహ్నం రూములో పడుకుంటే సరిపోతుంది. జలపాతాల్లో ఎండాకాలం నీళ్లు తక్కువే ఉంటాయి, వాటికోసమే అయితే వానలయ్యాక వెళ్లండి.

వచ్చేటప్పుడు ఓపికుంటే చంద్రగిరి టిబెటన్ల మఠం చూసి వేడినీళ్ల బుగ్గ ఉన్న తప్తపాని మీదుగా దిగొచ్చు, కానీ అది కూడా పొద్దున్నే బయల్దేరితేనే. కందమాల్ పసుపుకి 2019లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న) గుర్తింపు వచ్చింది, దారింగిబాడిలోనే కొని ఇంటికి పట్టుకెళ్లండి. లేటయిపోతే చీకట్లో ఘాట్ దిగకుండా ఆ రాత్రికి అక్కడే ఉండిపోండి. పైన సిగ్నల్ పోతుందని ఎక్కకముందే సురడలో ఆగి ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే అమ్మావాళ్లు రాత్రంతా నిద్రపోరు.