పెరటి కొలను – నాలుగో పాఠం: పచ్చబడ్డ నీళ్ళు

ఈసారి ఫిల్టర్ కట్టుకోవడం నేర్పాలి. మూడో పాఠం చివర ఆ మాటే ఇచ్చాను. కానీ ఆ పాఠం చూసి కొలను నింపుకున్న చాలామందికి రెండు వారాలు తిరక్కుండానే నీళ్ళు పచ్చబడ్డాయి. గుణుపురం, కాశీనగరం, రాయగడ, సరిహద్దుకి అటు పాతపట్నం, ఎక్కడినుంచి ఫోను వచ్చినా అదే కబురు. అందుకని ఫిల్టర్ ఐదో పాఠానికి జరిపాను.

గుణుపురం నుంచి మొన్న ఒకమ్మాయి చేసింది.

"మేష్టారూ, నీళ్ళు పెసరకట్టులా అయిపోయాయండి. రెండుసార్లు తోడేసి, గోడలు తోమి, మళ్ళీ నింపాం. వారం తిరిగేసరికి మళ్ళీ అదే రంగు."

"పేడ గెత్తం ఎంత వేశారమ్మా?"

"రెండు గంపలండి."

"కుండీలోనా, కొలనులోనా?"

కాసేపు మాట లేదు. "కొలనులోనేనండి. అడుగున పరిచి పైన మట్టి వేశాం."

"తోమినప్పుడు ఆ గెత్తం తీసేశారా?"

"లేదండి. మొక్కకి బలం కదా అని ఉంచేశాం. గోడలే తోమాం."

మూడో పాఠం మళ్ళీ తీసి చూశాను. కలువ దుంప నాటే కుండీలో అడుగున రెండు గుప్పెళ్ళు చివికిన గెత్తం, దాని మీద నాలుగంగుళాల బంకమట్టి, పైన గులకరాళ్ళు అని నేను చెప్పదలుచుకున్నాను. కానీ "కుండీ" అన్న మాట మొదటి వాక్యంలో ఒక్కసారే రాశాను. తర్వాత అంతా "అడుగున, అడుగున" అంటూ పోయాను. కొలను అడుగు అనుకోవడంలో చదివినవాళ్ళ తప్పు లేదు, రాయడంలో తప్పు నాది. అరటి బోదె సంగతీ అంతే. కొత్త సిమెంటులో సున్నం ఘాటు విరగడానికి బోదె ముక్కలు వేసి నానబెట్టమన్నాను. మూడు రోజులయ్యాక ముక్కలు తీసేసి ఆ నీళ్ళు పారబోయాలని స్పష్టంగా రాయలేదు. కొందరి కొలనుల్లో అవి ఇంకా కుళ్ళుతూనే ఉన్నాయి.

కాబట్టి కొలనులో గెత్తం గానీ, బోదె గానీ ఉన్నవాళ్ళు ముందు ఆ పని చూడండి. తోటకి నీళ్ళు పెట్టే ప్లాస్టిక్ పైపు ఒక కొస అడుగున ఆనించి, రెండో కొస పల్లంలో పెట్టి నోటితో పీల్చకుండా, పైపు నిండా ముందే నీళ్ళు నింపి వదిలితే అడుగున ఉన్న మడ్డి దానంతటదే లాక్కొస్తుంది. రోజుకి పావు వంతు నీళ్ళకి మించి తీయకండి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కొలనులో సుమారు 1,360 లీటర్లు పడతాయి. అందులో పావు వంతంటే 340 లీటర్లు, ఇరవై లీటర్ల బక్కెట్లు పదిహేడు. ఆ మడ్డి నీళ్ళు అరటికీ, బొప్పాయికీ పోయండి. నాలుగు రోజుల్లో అడుగు శుభ్రపడుతుంది.

ముందు అది పచ్చేనా

గాజు గ్లాసు నిండా కొలను నీళ్ళు ముంచి, వెనక తెల్ల పంచె పట్టి చూడండి. తర్వాత రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున గోధుమరంగు పొర దిగి పైన నీళ్ళు తేటపడితే అది మట్టి. గంజిలా తెల్లగా ఉంటే కొత్త కొలనులో బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల వచ్చిన మసక, దాన్ని వదిలేస్తే అదే పోతుంది. రాత్రి ఎలా ఉందో పొద్దున్నా అలాగే పచ్చగా నిలిచి ఉంటే అది నాచు. విడిగా కంటికి ఆనని ఒక్కొక్క కణం కోట్లలో తేలుతుంటే మనకి రంగు మాత్రమే కనిపిస్తుంది.

పోయిన ఆదివారం కిటికీ పక్కన పెట్టిన గ్లాసులో పొద్దున్న ఎనిమిదింటికి పచ్చదనం చాలావరకు కిటికీ వైపు గాజుకి చేరి, సన్నటి గీతలా కనబడింది. గ్లాసుని అటుది ఇటు తిప్పి పెట్టాను. తొమ్మిదిన్నరకల్లా ఆ గీత వదులై, మళ్ళీ వెలుగు వైపుకే జరిగింది. తోకలాంటి పోగులతో ఈదే రకాలు అలా చేస్తాయి. అన్ని నాచులూ చేయవు గానీ, చూసినవాళ్ళకి ఒక సంగతి తెలుస్తుంది: అది మురికి కాదు, ప్రాణమున్న మొక్క. ఎండా, ఎరువూ దొరికినచోట పెరగడమే దాని పని.

బిందెలో బురద నీళ్ళకి మన ఇళ్ళల్లో చిల్లగింజ అరగదీసేవారు, పటిక తిప్పేవారు. అవి మట్టికి. పటికతో నాచు కూడా కొంత అడుగుకి దిగుతుంది, కానీ అక్కడ కుళ్ళి అదే మళ్ళీ ఎరువవుతుంది. పైగా పటిక నీళ్ళని పులుపు వైపు తిప్పుతుంది, చేపలకి ప్రమాదం. మైలుతుత్తం మాట ఎత్తకండి, నాచుతోపాటు చేపలూ నత్తలూ పోతాయి.

కొల్లేరు వైపు చేపల రైతులు చెరువులో పేడ వేసి కావాలనే నీళ్ళని పచ్చ చేస్తారు. చేప పిల్లలకి అది మేత. మోచేతి దాకా చెయ్యి ముంచి, అరచెయ్యి కనబడకపోతే చెరువు పండిందని లెక్క. గెత్తం పరిచినవాళ్ళు తెలియకుండా సరిగ్గా ఆ సేద్యమే చేశారు. ఎరువు పడింది, వైశాఖం ఎండ తగిలింది, పంట వచ్చింది.

ఖాళీ చేయడం అనే తప్పు

ఈ ఒక్క విషయం దగ్గర నేను ఆగుతాను. ఎందుకంటే ఫోను చేసిన ప్రతి ఒక్కరూ ఇదే చేశారు, కొందరు మూడుసార్లు చేశారు.

నీళ్ళు పచ్చబడ్డాయి, తోడేశాం, కొత్తవి పోశాం. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. గిన్నె మాసింది, కడిగాం. కానీ కొలను గిన్నె కాదు.

లెక్క చూడండి. ఎంత తోడినా గోడల గరుకులో, కుండీల చుట్టూ, కలువ ఆకుల అడుగున వందలో ఒక వంతు నాచు మిగిలిందనుకుందాం. వెచ్చటి నీళ్ళలో, మంచి ఎండలో నాచు రోజుకి రెట్టింపు కాగలదు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఏడో రోజుకి 128. అంటే వారంలో మీరు తోడేసిన దానికంటే ఎక్కువే తిరిగొచ్చింది. గుణుపురం అమ్మాయి "వారం తిరిగేసరికి" అన్నది ఊరికే కాదు.

రెండోది, కొత్త నీళ్ళు వట్టి నీళ్ళు కావు. పొలాల మధ్య ఉన్న బోరు నీళ్ళలో ఎరువుల నుంచి దిగిన నైట్రేటు ఉండొచ్చు. తోడిన ప్రతిసారీ పాత నాచు తినేసిన నీళ్ళు బయటికి పోయి, తినడానికి సిద్ధంగా ఉన్న నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

మూడోది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, గోడలు తోమడం. నీళ్ళలో తేలే నాచు వేరు, గోడకి పట్టే పాచి వేరు. వేలితో రాస్తే జారుడుగా తగిలే ఆ పలచటి పొరలోనే మనకి కావలసిన బ్యాక్టీరియా కాపురముంటుంది. చేపల మలం, కుళ్ళిన ఆకు, మిగిలిన మేత, వీటి నుంచి అమ్మోనియా వస్తుంది. అది చేపలకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, దాన్ని మొక్కలు తింటాయి. ఈ రెండు రకాలూ కొత్త కొలనులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు పదో రోజు బ్రష్షు పెట్టి తోమితే లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. ఇరవయ్యో రోజు తోమితే మళ్ళీ ఒకటి. మూడుసార్లు తోమినవాళ్ళ కొలను వయసు ఈ రోజుకీ వారమే.

ఇది నేను పుస్తకంలో చూసి చెప్పడం లేదు. పర్లాకిమిడిలో మా పెరట్లో మొదటి కొలను కట్టినప్పుడు నాలుగుసార్లు ఖాళీ చేశాను. నాలుగోసారి నింపిన మర్నాడు బోరు మోటారు కాలిపోయింది. దాన్ని బాగుచేయించేసరికి నెల దాటింది. ఈలోగా నీళ్ళు పచ్చబడ్డాయి, ఇంకా పచ్చబడ్డాయి, తోడటానికి వీల్లేక చూస్తూ ఊరుకున్నాను. ఐదో వారంలో ఒక పొద్దున్న అడుగున ఉన్న కుండీ అంచు కనబడింది. మూడు రోజులకి కుండీలో గులకరాళ్ళు విడివిడిగా కనబడ్డాయి. అప్పటికి కలువ ఆకులు పదకొండు అయ్యాయి. ఆ తర్వాత నేను కొలను ఖాళీ చేయలేదు.

పోటీకి ఇంకో మొక్కని పెట్టండి

నాచు తినే ఎరువుని ఇంకెవరో తినాలి, దానికి తగిలే ఎండకి ఇంకెవరో అడ్డుపడాలి. నీడకి కలువ. ఆకులు నీటి మీద సగం నుంచి మూడింట రెండు వంతులు కప్పితే చాలు. కానీ కలువ నింపాదిగా పెరుగుతుంది, ఈ ఆరు వారాల్లో ఆదుకోలేదు.

అందుకు నేను వాడేది తూటికూర. ఒడియావాళ్ళు కళమ శాగ అంటారు, మన సంతల్లో కట్టలు కట్టి అమ్ముతారు. లేత కాడలు కాకుండా కణుపులున్న ముదురు కాడలు రెండు కట్టలు ఏరుకోండి. వెదురు బద్దలతో రెండడుగుల చదరం చట్రం కట్టి, అడ్డంగా పురికొస అల్లి, కాడల కణుపులు నీళ్ళలో మునిగేలా దూర్చండి. నాలుగైదు రోజుల్లో కణుపు కణుపుకీ తెల్లటి వేళ్ళు దిగుతాయి. మూడు వారాలకి కోతకొస్తుంది. కోయడం మరవకూడదు. కోసి బయటికి తీసిన ప్రతి కట్టతోనూ కొలనులోని ఎరువు బయటికి పోతున్నట్టు. కోయకుండా వదిలేస్తే పండుటాకు మళ్ళీ నీళ్ళలోనే రాలుతుంది. కూరకి వాడుకుంటే బాగా కడిగి, ఉడికించి తినండి, పచ్చిది వద్దు. మా ఇంట్లో పప్పులో వేస్తాం. రోడ్ల పక్కన పొదలా నిలబడి గులాబీరంగు పూలు పూసే లొట్టపీసు కూడా ఈ జాతిదే గానీ, అది విషం. దాన్ని తేకండి.

గుర్రపు డెక్క ఇంకా వేగంగా పనిచేస్తుంది, నిజమే. నాకది ఇష్టం లేదు. వానకి కొలను పొంగి ఒక్క మొక్క కాలువలో పడితే మహేంద్రతనయలోకో, వంశధారలోకో చేరుతుంది. వేసుకున్నవాళ్ళు తీసిన ప్రతి మొక్కనీ కంపోస్టు గోతిలోనే వేయాలి.

చేపలు ఆరు వారాల దాకా పది గప్పీలు చాలు. బొత్తిగా వద్దనడానికి లేదు. రాయగడ, కోరాపుట్ వైపు దోమ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. నీళ్ళు చిక్కటి పచ్చగా ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి కొలను దగ్గరికి వెళ్ళండి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే అదే కారణం. వెంటనే ఆ నీళ్ళనే చెంబుతో ముంచి ఎత్తు నుంచి ధారగా పోయండి. చిన్న పంపు ఉంటే రాత్రిళ్ళు నడపండి. చాలామంది పగలు అందానికి నడిపి రాత్రి ఆపేస్తారు.

యూవీ లైటు నాచుని చంపుతుంది. ఎరువు మాత్రం అలాగే ఉంటుంది. మన పెరళ్ళ కొలనులకి నేను చెప్పను.

అభ్యాసం

1865లో సెక్కీ అనే ఇటలీ పాదిరి సముద్రంలోకి తెల్ల పళ్ళెం దించి, అది ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. నీళ్ళ తేటదనం కొలవడానికి ఇప్పటికీ ఆ పద్ధతే వాడతారు. మీరూ అదే చేయాలి. అరచెయ్యంత తెల్ల ప్లాస్టిక్ మూత మధ్యలో వెదురు పుల్ల గుచ్చి, పుల్ల మీద అంగుళాలు గీయండి. రోజూ పదకొండు గంటలకి, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడి, మూతని నిలువుగా దించండి. కనబడకుండా పోయిన చోట అంగుళాలు చూసి రాసుకోండి. 42 రోజులు, ఒక్క రోజు తప్పకుండా. పక్కనే ఆ రోజు వేసిన మేత, వాన పడిందా లేదా, ఐదింటికి చేపలు ఎలా ఉన్నాయి, ఇవి కూడా రాయండి.

దీనితోపాటు మూడు గాజు సీసాలు తీసుకుని మూడింటిలోనూ మీ కొలను నీళ్ళే నింపండి. ఒకదానిలో చిటికెడు గెత్తం, ఒకదానిలో వేళ్ళు దిగిన తూటికూర కాడ, మూడోదానిలో ఏమీ వేయకండి. మూతలు పెట్టకుండా మూడింటినీ ఒకే ఎండలో పది రోజులు ఉంచి, రోజూ తెల్లగుడ్డ ముందు పెట్టి పోల్చండి. తగ్గిన నీళ్ళకి కొలను నీళ్ళే కలపండి.

మధ్యలో అంగుళాలు తగ్గుతాయి. మొదటి పది రోజులు దాదాపు అందరికీ తగ్గుతాయి, అప్పుడు బక్కెట్టు జోలికి పోకండి. ఇప్పుడు మొదలుపెట్టినవాళ్ళకి రథయాత్ర రోజులకి 42 పూర్తవుతాయి. మూత పన్నెండు అంగుళాలు దాటి కనబడుతున్నవాళ్ళు ఇరవై లీటర్ల పెయింటు బక్కెట్టు ఒకటి, గిన్నెలు తోమే నైలాన్ పీచు డజను సిద్ధం చేసుకోండి, ఐదో పాఠానికి కావాలి. దాటనివాళ్ళు ముందు ఆ కాగితం నాకు పంపండి.