బేసిక్‌లో ఫైల్ నుంచి వేరియబుల్స్‌లోకి డేటా చదవడం ఎలా?

కావాల్సినవి రెండే: క్యూబేసిక్ లేదా క్యూబీ64 (బేసిక్ భాషలో ప్రోగ్రామ్‌లు రాసి నడిపే సాఫ్ట్‌వేర్లు), నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసిన మామూలు టెక్స్ట్ ఫైల్. ఒక్కో లైన్‌లో పేరు, కామా, మార్కులు ఉన్నాయనుకుందాం, "రవి,78" అన్నట్టు. కమాండ్లు, వేరియబుల్ పేర్లు (విలువలు దాచుకునే పేర్లు) ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా మీరు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి.

ముందు ఫైల్ తెరవాలి. ఓపెన్ అని రాసి, కోట్స్‌లో ఫైల్ పేరు, ఆ తర్వాత ఫర్ ఇన్‌పుట్ యాజ్ #1 (ప్రోగ్రామ్‌లో ఈ ఫైల్‌కు ఇచ్చే నంబర్). పొరపాటున ఇన్‌పుట్ బదులు అవుట్‌పుట్ అని కొడితే ఫైల్‌లో ఉన్నదంతా పోతుంది, ఒక్క మాట కూడా అడగదు.

తర్వాత లూప్. డూ అన్‌టిల్ ఈఓఎఫ్(1), అంటే ఫైల్ అయిపోయే వరకు తిరగమని, పైనే రాయండి. ఈ పరీక్షను లూప్ కింద పెడితే ఖాళీ ఫైల్ వచ్చిన రోజున "ఇన్‌పుట్ పాస్ట్ ఎండ్ ఆఫ్ ఫైల్" అని 62వ నంబర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. దాదాపు అందరూ ఇన్‌పుట్ #1, పేరు$, మార్కులు (చివర $ ఉన్న వేరియబుల్‌లో అక్షరాలు ఉంటాయి) అని రాసి వదిలేస్తారు, ఎందుకంటే నాలుగు లైన్ల ఫైల్‌తో చూస్తే చక్కగా పనిచేస్తుంది. కానీ ఇన్‌పుట్ #కి లైన్ అంటే లెక్కే లేదు. దానికి కామా ఎంతో లైన్ చివర కూడా అంతే, రెండూ విడగొట్టే గుర్తులే. ఒక లైన్‌లో కామా, మార్కులు మర్చిపోయారనుకోండి, కింది లైన్‌లోని పేరును తెచ్చి మార్కుల్లో వేసుకుంటుంది, అంకె కాదు కాబట్టి సున్నా పెడుతుంది, అక్కడి నుంచి ప్రతి విద్యార్థి డేటా ఒక గడి జరిగిపోతుంది. ఆ చోట ఎర్రర్ రాదు! అలాంటి లైన్ ఒక్కటే అయితే ఫైల్ చివర ఆ 62వ ఎర్రర్ వస్తుంది, రెండుంటే అదీ రాక తప్పుడు సగటు మాత్రం వస్తుంది. నేను ఒకసారి ఇలాంటి తప్పు కోసం సాయంత్రమంతా లెక్క కట్టే భాగంలోనే వెతికాను, తప్పు చదివే దగ్గరుంది.

అందుకే ఎప్పుడూ లైన్ ఇన్‌పుట్ #1, వరుస$ అనే రాయాలి. లైన్ మొత్తం ఒక్క స్ట్రింగ్‌లోకి (అక్షరాల వరుసలోకి) వస్తుంది, తప్పున్నా ఆ లైన్‌తోనే ఆగుతుంది. ఇన్‌స్ట్ర్‌తో కామా ఎక్కడుందో చూసి (అది ఎన్నో అక్షరమో చెబుతుంది) ఆ అంకెను వేరియబుల్ క‌లో పెట్టండి. క సున్నా అయితే కామా లేదన్నమాట, ఆ లైన్‌ను స్క్రీన్ మీద చూపించి వదిలేయండి. ఈ పరీక్ష లేకుండా లెఫ్ట్$(వరుస$, క-1) రాస్తే మైనస్ ఒకటి వెళ్లి క్యూబేసిక్‌లో "ఇల్లీగల్ ఫంక్షన్ కాల్" వస్తుంది. కామా ఉంటే ఎడమవైపుది పేరు$, మిడ్$(వరుస$, క+1)ను, అంటే కామా తర్వాతి భాగాన్ని, అంకెగా మార్చే వ్యాల్‌లో వేస్తే మార్కులు.

పేరులోనే కామా ఉండొచ్చు అనిపిస్తే ఫైల్‌లో మార్కులు ముందు, పేరు చివర పెట్టించండి. మొదటి కామా దగ్గర విడగొడితే మిగిలిందంతా పేరే. నేనైతే ఫైల్ నా చేతిలో ఉంటే ఎప్పుడూ ఇలాగే పెడతాను.

ఇంత శ్రమ ఎందుకు, వివరాలను ప్రోగ్రామ్‌లోనే రాసుకునే డేటా, రీడ్ కమాండ్లు వాడొచ్చు కదా అంటారు కొందరు. అప్పుడు ఒక మార్కు మారినా ప్రోగ్రామే తెరిచి దిద్దాలి, ఎవరో ఒకరు పక్క లైన్‌ను కూడా చెరిపేస్తారు.

అన్నీ అర్రేలో (ఒకే పేరు కింద నంబర్లతో ఉండే గడుల్లో) దాచుకోవాలంటే దాని సైజు చెప్పే డిమ్ ముందే రాయండి, లేకపోతే పదో నంబర్ దాటగానే ఆగుతుంది. లూప్ అయ్యాక క్లోజ్ #1, ఆ కిందే ఎన్ని లైన్లు చదివిందో ప్రింట్ చేయించి, నోట్‌ప్యాడ్‌లో ఉన్న లైన్లతో సరిచూసుకున్నాకే సగటు లెక్కకు వెళ్లండి.