చలి ముదరకముందే పెద్దవయసు ఒంటికి చేయవలసిన సన్నాహం

అరవై దాటిన వారిలో చాలామందికి చలికాలం దగ్గరపడుతోందనగానే ముందుగా మోకాళ్లే గుర్తొస్తాయి. పొద్దున్నే పట్టేసే నడుము, పిడికిలి బిగించబోతే ముడుచుకోని వేళ్లు, మెట్టెక్కుతుంటే కలుక్కుమనే మోకాలు, పక్క మీద ఒత్తిగిలితే లేచే భుజంనొప్పి ఏడాది పొడవునా ఉండేవే అయినా చలిరోజుల్లో వాటి జోరు పెరుగుతుంది. చల్లదనానికి కండరాలు బిగుసుకుంటాయి, నడక తగ్గుతుంది, నడక తగ్గిన కీళ్లు మరింత పట్టేస్తాయి. అయితే ఈ కాలంలో పెద్దవాళ్లకు ఎక్కువ హాని చేసేది ఆ నొప్పి కాదు. నొప్పికి భయపడి కదలకుండా కూర్చోవడం, ఒక్కో నొప్పికి ఒక్కో మాత్ర చొప్పున మందులు పెంచుకుంటూ పోవడం, ఈ రెండే అసలు హాని చేస్తాయి. అందుకే సన్నాహం మోకాలితోనో నడుముతోనో మొదలుపెట్టక, మనిషిని మొత్తంగా చూసి మొదలుపెట్టాలి.

రాత్రి నొప్పితో నిద్ర చెడితే, మరునాడు అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. ఆ రోజు మనసు చికాకుగా ఉండి నడక మానేస్తే తొడ కండరాలు సన్నబడతాయి. అవి సన్నబడితే మోకాలి మీద భారం పెరుగుతుంది, అడుగు తడబడుతుంది, పడిపోయే అవకాశం ఎక్కువవుతుంది. ఈ గొలుసులో ఏ లంకె దగ్గర పట్టుకున్నా మిగతావి కొంత సర్దుకుంటాయి కాబట్టి, ఎవరికి ఏది తేలికో అక్కడే మొదలుపెట్టవచ్చు. కాకపోతే చలి పూర్తిగా దిగాక కొత్త అలవాటు చేసుకోవడం కష్టం. కనీసం నెల, నెలన్నర ముందుగానే మొదలుపెట్టడం మేలు.

కదలిక గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ ఇక్కడే ఉన్నాయి. అరిగిన కీలును వాడకుండా దాచుకుంటే ఎక్కువ కాలం వస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే మెత్తటి పొరకు, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు విప్పారుతూ, నీళ్లలో పిండి వదిలిన స్పాంజిలాగా అది తన చుట్టూ ఉన్న కీలు ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది. కదలిక ఆగితే ఆ పోషణ కుంటుపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి. కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు ఒంటి నిలకడను పెంచే వ్యాయామం అందులో ఉండాలి. ఈ అంకెలు చూసి బెదరనక్కర్లేదు. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయాలనీ, అసలు చేయకపోవడం కంటే ఎంతో కొంత చేయడం మేలనీ అవే సూచనలు చెబుతున్నాయి. పూటకు పది నిమిషాల చొప్పున విడగొట్టుకుని నడిచినా లెక్కకు వస్తుంది.

ఇంట్లోనే, ఏ పరికరమూ లేకుండా చేయగలిగిన వ్యాయామాల్లో కుర్చీ నుంచి లేచి కూర్చోవడాన్ని నేను అన్నిటికన్నా ముందు పెడతాను. గోడకు ఆనించి, జరగకుండా నిలిపిన గట్టి కుర్చీ కావాలి. దాని ముందు అంచుకు జరిగి కూర్చుని, పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి తెచ్చి నేలకు పూర్తిగా ఆనించాలి. ఛాతీని ముందుకు వంచుతూ, ఊపిరి వదులుతూ నెమ్మదిగా లేవాలి, ఒక క్షణం నిటారుగా నిలబడాలి, దభీమని కూలబడకుండా అంతకంటే నెమ్మదిగా కూర్చోవాలి. ఫలితంలో పెద్ద భాగం ఆ కూర్చునే తీరులోనే ఉంది, తొడ కండరం బరువును ఆపుకుంటూ దింపేది అప్పుడే. మొదట్లో కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవడంలో తప్పేమీ లేదు. ఐదుసార్లతో మొదలుపెట్టి, ఒంటికి అలవాటైన కొద్దీ పెంచుకోవచ్చు. నిలకడ కోసం వంటగట్టునో బరువైన బల్లనో పట్టుకుని ఒక పాదం ముందు మరో పాదం పెట్టి కాసేపు నిలబడటం, పట్టు వదిలినా పక్కనే ఆసరా ఉండేలా చూసుకోవడం చాలు. తై చి అనే చైనా వ్యాయామం వంటి నిదానమైన సాధనలు కూడా పడిపోయే ముప్పును తగ్గిస్తాయి.

వ్యాయామంలో కాస్త నొప్పి తెలియడం సహజమే. ఎంతవరకు ఓర్చుకోవచ్చో తేల్చుకోవడానికి మరునాటి ఉదయమే కొలమానం. అప్పటికి నొప్పి మామూలు స్థాయికి వచ్చేస్తే చేసింది సరిపోయినట్టు. ఇంకా ఎక్కువగానే ఉంటే, కీలు వాచి ఉంటే, పూర్తిగా మానేయక సగానికి తగ్గించాలి. గుండెజబ్బు ఉన్నవారు, ఈ మధ్యనే ఆపరేషన్ అయినవారు, ఎముకలు గుల్లబారాయని తేలినవారు ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. చలిగాలిలో తెల్లవారుజామున నడవాలనే పట్టుదల మాత్రం వద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండెపోట్లు ఉదయం వేళల్లో ఎక్కువగా వస్తాయి. ఎండ వచ్చాక నడవడమో, ఇంట్లోనే తిరగడమో మంచిది.

మెలకువ రాగానే ఒక్క ఉదుటున లేవకూడదు. పక్క మీదే చీలమండలు గుండ్రంగా తిప్పి, మోకాళ్లను ఒకదాని తరవాత ఒకటి ముడిచి చాచి, పక్కకు ఒత్తిగిలి చేతి ఆసరాతో లేచి, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని అప్పుడు నిలబడాలి. వయసు పైబడినవారికి, ముఖ్యంగా బీపీ మాత్రలు, ప్రొస్టేటు మాత్రలు వాడేవారికి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం సాధారణం. ఆ కొద్ది నిమిషాలు కీళ్లను వదులు చేయడంతోపాటు ఆ ప్రమాదాన్నీ తప్పిస్తాయి.

కాపడం హాయినిస్తుంది, పట్టేసిన కండరాన్ని వదులు చేస్తుంది. కానీ షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్న సంగతి తెలియదు. బొబ్బ కనిపించేదాకా ఆగితే పుండు మానడానికి వారాలు పడుతుంది. అందుచేత మరుగుతున్న నీళ్లు సంచిలో పోయకూడదు, సంచి చుట్టూ మందపాటి గుడ్డ చుట్టాలి, స్పర్శ బాగున్న మరొకరి చేతితో వేడి చూడాలి, పదిహేను ఇరవై నిమిషాలకు తీసేయాలి, దాన్ని పెట్టుకుని నిద్రపోకూడదు. నొప్పి పూత రాసిన చోట, మందు పట్టీ అంటించిన చోట కాపడం పెడితే మందు చర్మంలోకి అతిగా ఇంకవచ్చు. కొత్తగా దెబ్బ తగిలి వాచిన చోటికి, ఎర్రగా వేడిగా ఉన్న కీలుకు వేడి పనికిరాదు. ఇక గది విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చలికాలంలో ఇంట్లో కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలంటుంది, పెద్దవాళ్లకు ఇంకాస్త వెచ్చదనం అవసరం కావచ్చు. అంతమాత్రాన మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టుకోరాదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మందుల దగ్గర చూపవలసిన జాగ్రత్త అన్నిటికన్నా ఎక్కువ. చలి మొదలయ్యేలోపు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పూతలూ పొడులూ తైలాలతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పరచడం మంచిది. ఒకే మందు రెండు పేర్లతో రెండు చోట్ల కనిపించడం అరుదేమీ కాదు. పారాసిటమాల్‌నే తీసుకుంటే, పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. బక్కపలచని వృద్ధులకు, కాలేయం దెబ్బతిన్నవారికి, మద్యం అలవాటున్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ, దాన్ని డాక్టరే చెప్పాలి. నొప్పికి ఒక మాత్ర, జలుబుకు మరో మాత్ర వేసుకునేటప్పుడు జలుబు మాత్రలోనూ పారాసిటమాల్ ఉంటుందని చాలామంది గమనించరు. జలుబు మందుల్లో కలిసి ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వంటివి వృద్ధుల్లో మగతను, తికమకను, మూత్రం బిగదీయడాన్ని తెచ్చిపెట్టవచ్చు.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటి మాత్రలు నొప్పిని త్వరగా లొంగదీస్తాయి, అందుకే వాటి మీద మోజు ఎక్కువ. అవి కడుపులో పుండు చేసి రక్తస్రావం తేవచ్చు, బీపీ పెంచవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందు ఒకటి, నీరు తీసే మాత్ర ఒకటి వాడుతున్నవారు వీటిని కూడా కలిపితే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. విరేచనాలతోనో వాంతులతోనో ఒంట్లో నీరు తగ్గిన రోజున అది మరింత ప్రమాదం. రక్తం పలచబరిచే మందులు వాడేవారు సొంతంగా వీటి జోలికి వెళ్లనే కూడదు. మోకాలికి, చేతివేళ్లకు మాత్రమే పరిమితమైన నొప్పి అయితే మాత్రకన్నా ముందు డైక్లోఫెనాక్ పూత ప్రయత్నించడం మంచిది, దాని నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. ఏమి కలిపారో రాసి ఉండని పొడులు, కషాయాలు, అద్భుత మాత్రలు వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండు రోజుల్లో నొప్పులన్నీ మాయం చేసే వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉన్న సందర్భాలు బయటపడుతూనే ఉన్నాయి. అలాంటివి నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపినా ప్రాణాపాయమే కాబట్టి, ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

ఒళ్లంతా నొప్పులుగా ఉన్నప్పుడు దాన్ని వయసు ఖాతాలో వేసేసి ఊరుకోవడం కూడా అన్యాయమే. థైరాయిడ్ మందగించినా, విటమిన్ డి బాగా తగ్గినా, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రల వల్ల కూడా కండరాలు నొప్పెడతాయి. ఇవన్నీ రక్తపరీక్షతోనో మందు మార్పుతోనో సరిచేయగలిగినవి. అలాగని పరీక్ష లేకుండా విటమిన్ డి పెద్ద మోతాదుల్లో మింగకూడదు. అది ఒంట్లో పేరుకుపోయి రక్తంలో కాల్షియాన్ని ప్రమాదకరంగా పెంచగలదు.

తిండిలో ముఖ్యంగా చూడవలసింది మాంసకృత్తులు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు కావాలని పోషకాహార నిపుణులు సూచిస్తారు. ఒక్క పూటే కాకుండా మూడు పూటలా పప్పుదినుసులు, పాలు, గుడ్లు, చేపలు వంటివి పంచుకుని తింటే కండరానికి బాగా ఉపయోగపడతాయి. మూత్రపిండాల జబ్బున్నవారి లెక్క మాత్రం వేరు. వయసుతో దాహం మందగిస్తుంది, చలిలో మరీను. డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, దాహం కోసం ఎదురుచూడక వేళకు తాగాలి. బరువు ఎక్కువున్నవారు ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఫ్లూ టీకా ప్రతి ఏటా చలికి ముందే వేయించుకోవాలి. నిమోనియా టీకా, సర్పి టీకా గురించి కూడా అడగాలి. సర్పి తగ్గాక నెలల తరబడి వేధించే నరాల నొప్పి తెలిసినవారెవరూ ఆ టీకాను తేలిగ్గా తీసుకోరు.

ఇంట్లో పడిపోయే చోట్లు ముందే తెలిసినవే. స్నానాల గది తడి నేల, జారే పట్టా, మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య చీకటి దారి. పట్టుకునే కడ్డీని గోడకు గట్టిగా బిగించాలి, తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు. రాత్రి దీపం ఆ దారి పొడవునా వెలగాలి. మేజోళ్లతో గచ్చు మీద నడవకుండా, మడమ పట్టి ఉంచే చెప్పులు వేసుకోవాలి. చేతికర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేత్తో పట్టుకోవాలి. చేతులు వదులుగా వేలాడదీసి నిలబడినప్పుడు మణికట్టు గీతకు అందేంత ఎత్తు ఉంటే సరిపోతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రతోపాటు నొప్పి కాలు ముందు వేయాలి.

నిద్రమాత్రలు పడిపోయే ముప్పును పెంచుతాయి గనుక వాటికంటే ముందు పగటి కునుకు తగ్గించడం, పక్కకు ఒత్తిగిలి పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, రోజూ ఒకే వేళకు పడుకుని లేవడం చేసి చూడాలి. మనసు సంగతి ఇంట్లోవాళ్లు ప్రత్యేకంగా కనిపెట్టుకోవాలి. చలిరోజుల్లో బయటికి వెళ్లడం తగ్గి, పలకరింపులు తగ్గి పెద్దవాళ్లు దిగులుపడతారు, ఆ దిగులు చాలాసార్లు ఒంటినొప్పుల రూపంలోనే బయటపడుతుంది. వారి నొప్పి నిజం కాదని దీని అర్థం కాదు. మాట్లాడే మనిషి, కలిసి నడిచే తోడు కూడా ఆ నొప్పి వైద్యంలో భాగమేనని అర్థం.

ఇంటి జాగ్రత్తలతో ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఉదయపు పట్టేత అరగంటలో వదిలితే అది సాధారణంగా అరుగుదల వల్ల. గంట దాటినా వదలకుండా కీళ్లు వాస్తుంటే కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) అనుమానించి పరీక్ష చేయించాలి. రాత్రి నిద్రలేపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరంతో ఒక్క కీలు ఎర్రబడి వాయడం, ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి నొప్పెట్టడం వంటివి వాయిదా వేయరానివి. నడుంనొప్పితో కాళ్లు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భుజానికో దవడకో పాకే నొప్పి చెమటతో, ఆయాసంతో వస్తే అది గుండెది కావచ్చు. యాభై దాటినవారికి రెండు భుజాలూ పట్టేయడంతోపాటు కణతల దగ్గర కొత్తగా తలనొప్పి వచ్చి చూపు మసకబారితే అదే రోజు చూపించుకోవాలి, ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోవచ్చు. పడిపోయిన మనిషి తుంటినొప్పితో కాలు ఆనించలేకపోతే, ఆ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే, లేపి నడిపించే ప్రయత్నం చేయకుండా ఉన్నచోటే వెచ్చగా దుప్పటి కప్పి అంబులెన్సును పిలవాలి.